వరద వేళ పనితనం

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఉన్న ప్రకాశం బ్యారేజికి 70 గేట్లు. ఒక్కోటి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు పలక. అంత బరువును మోటారు ఒక్కటే ఎత్తాలంటే దాని మీద భారం విపరీతంగా పడుతుంది. అందుకని ప్రతి గేటుకూ ఎదురు బరువుగా ఒక కాంక్రీటు దిమ్మను కట్టి, పైనున్న గిలకల మీదుగా రెంటినీ జోడించారు. బావి గిలక మీది చేంతాడుకు చెరో కొసనా ఒక్కో బిందె కడితే ఒకటి దిగుతుంటే రెండోది పైకొచ్చినట్టు, ఇక్కడ గేటు లేస్తుంటే దిమ్మ దిగుతుంది. మోటారు మోయాల్సింది రెండు బరువుల మధ్య తేడాను, రాపిడిని మాత్రమే. ఈ దిమ్మను కౌంటర్ వెయిట్ అంటారు. 2024 సెప్టెంబర్ దాకా బెజవాడలో ఈ మాట ఇంజినీర్లకు, గేట్ల సిబ్బందికి తప్ప ఎవరికీ పట్టలేదు. ఆ నెల మొదటి వారంలో మాత్రం టీ కొట్ల దగ్గర కూడా అదే మాట.

వరద పెద్దదైనప్పుడు గేట్లన్నీ నీటికి అందనంత పైకి లేపేస్తారు. అంటే కౌంటర్ వెయిట్లన్నీ కిందికి దిగి ఉంటాయి. సరిగ్గా అలాంటి సమయంలో ఎగువ నుంచి అయిదు బోట్లు కొట్టుకొచ్చాయి. ఇసుక రవాణాకు వాడే బరువైన ఇనుప బోట్లవి. 67, 69, 70 గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. 67, 69 గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. దిమ్మ పగిలిన గేటుకు సమతూకం పోయినట్టే. ఆ గేటును నమ్మి దించడానికీ లేదు, దించాక మళ్లీ లేస్తుందన్న భరోసా లేదు.

మరమ్మతును గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో చేశారు. అంతకు నెల ముందే ఆయన తుంగభద్ర దగ్గర చేసిన పని దేశమంతా చూసింది. ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. 60 అడుగుల వెడల్పున్న ఆ కంత గుండా నీరు దూకుతుంటే, జలాశయం చాలావరకు ఖాళీ అయితేగాని అక్కడ ఏమీ చేయలేరన్నారు చాలామంది. ఆయన మాత్రం అడ్డు పలకలను అయిదు ముక్కలుగా చేయించి, పారే నీటిలోనే ఒకదాని మీద ఒకటి దించి, ఆగస్టు 17కల్లా కంతను మూయించారు. అప్పటికే ఆయన వయసు డెబ్బై దాటింది. కృష్ణ మీద పులిచింతలలో 2021 ఆగస్టు 5న 16వ గేటు ఊడిపోయినప్పుడు, అడ్డు పలకలు దించడానికి జలాశయాన్ని బాగా ఖాళీ చేయక తప్పలేదు. ఆ నీళ్లన్నీ బెజవాడ మీదుగానే వెళ్లాయి. రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తుంగభద్ర పని ఎంత గొప్పదో అర్థమవుతుంది. అడ్డు పలక ప్రవాహంలోకి దిగుతున్న కొద్దీ నీరు దాన్ని నెడుతుంది, వణికిస్తుంది, గాడిలో ఇరికిస్తుంది. నిటారుగా, రెండు కొసలూ ఒకే వేగంతో దించాలి. ఒక కొస రెండంగుళాలు ముందు దిగినా పలక గాడిలో బిగుసుకుపోతుంది.

బెజవాడలో పని స్వభావం వేరు. ఇక్కడ దించాల్సింది అడ్డు కాదు, కట్టాల్సింది బరువు. పగిలిన కాంక్రీటును కోసి తీసేసి, దాని స్థానంలో ఉక్కుతో చేసిన కౌంటర్ వెయిట్లను బిగించారు. కింద కృష్ణ లక్షల క్యూసెక్కుల మీద పారుతూనే ఉంది. పక్కన చిక్కుకున్న బోట్లు అలాగే ఉన్నాయి. పని మొదలుపెట్టి వారం తిరక్కముందే రెండు గేట్లకూ కొత్త బరువులు వచ్చాయి. పగిలినదాని బరువుకూ కొత్తదాని బరువుకూ లెక్క కుదరాలి. తక్కువైతే మోటారు ఈడ్వలేదు, ఎక్కువైతే గేటు కిందికి దిగనని మొరాయిస్తుంది. పాతది కాంక్రీటు, కొత్తది ఉక్కు. బరువు ఒకటే అయినా ఆకారం మారుతుంది, వేలాడే తీరు మారుతుంది. దాన్ని గాడి పట్టించిన వెల్డర్ల పేర్లు ఏ పత్రికలోనూ నాకు కనిపించలేదు. పారే ఏటి మీద, గాలిలో వేలాడుతూ వేసిన అతుకు అది. నా దృష్టిలో ఆ పనివాళ్లకు దక్కిన పేరు దక్కాల్సినదానికంటే చాలా తక్కువ.

ఆ సెప్టెంబర్ మొదట్లో బ్యారేజి దాటిన గరిష్ఠ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు. అంకె చదివితే ఏమీ తోచదు. ఇలా చూడాలి: బ్యారేజి వెనక నిలవ ఉండే నీరు మొత్తం 3.07 టీఎంసీలు. ఆ వరద వేగానికి ఖాళీ బ్యారేజి ముక్కాలు గంటలో నిండిపోతుంది. అంటే ప్రకాశం బ్యారేజికి వరదను ఆపే శక్తి ఏమాత్రమూ లేదు. ఇది నాగార్జునసాగర్ కాదు, శ్రీశైలం కాదు. కాలువలకు నీరందేలా ఏటిని కొంచెం పైకెత్తి పట్టుకోవడానికి కట్టిన అడ్డుగోడ ఇది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య 1852-55లో కట్టిన పాత ఆనకట్ట పనీ అదే. 1952 వరదలో ఆ ఆనకట్ట దెబ్బతిన్నాక, 1957లో పూర్తయిన ఈ బ్యారేజి పనీ అదే. వరదరోజున ఇక్కడి సిబ్బంది చేయగలిగిందల్లా నీటికి వేళకు దారి ఇవ్వడం. ఆ వేళను పట్టుకోవడంలోనే ఉంది నేర్పంతా.

పులిచింతల నుంచి నీరు బయల్దేరిందంటే బ్యారేజికి చేరేదాకా కొన్ని గంటల వ్యవధి ఉంటుంది, కాస్త ముందుగా కబురందుతుంది. కానీ పులిచింతలకు దిగువన మున్నేరు వచ్చి కలుస్తుంది. దాని మీద అంత పెద్ద డ్యామేదీ లేదు. ఖమ్మం వైపు కురిసిన వాన చెప్పాపెట్టకుండా దిగుతుంది. 2024లో రెండు వైపుల నుంచీ ఒకేసారి వచ్చింది. అందుకే వాన మొదలవగానే గేట్లు కొంచెం కొంచెంగా, అన్నిచోట్లా దాదాపు సమంగా లేపుకుంటూ వెళ్లాలి. ఒక వైపువే ఎత్తితే ఏరు ఆ వైపుకు ఒరిగి కింద కోత పెడుతుంది. ముందే ఎక్కువ ఎత్తేస్తే కాలువలకు కావాల్సిన నీరు పోతుంది. ఆలస్యం చేస్తే ఎగువన ఇబ్రహీంపట్నం దాకా నీరు ఎగదన్నుతుంది. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు. అవి దాటాక ఇక గేట్లతో ఆడే ఆట లేదు, అన్నీ పైకే. ఆ తర్వాత రాత్రంతా నీటిమట్టం స్కేలు చదవడం, గంట గంటకూ దిగువకు కబురు చెప్పడం. అవనిగడ్డలో ఒక కుటుంబం గేదెలను ఎప్పుడు విప్పాలో తేల్చుకునేది ఆ కబురును బట్టే.

చిక్కుకున్న బోట్లను తీయడం ఇంకో కథ. ముందు రెండు భారీ క్రేన్లతో లాగి చూశారు. కదల్లేదు. నీటిలో దిగి ఇనుమును కోసి ముక్కలు చేసే ప్రయత్నమూ జరిగింది. బోట్లు తలకిందులై, ఒకదానికొకటి చుట్టుకుని, ప్రవాహం వాటిని బ్యారేజి వైపే నొక్కుతుంటే క్రేను బలం అంతా ఏటితో పోట్లాటకే సరిపోతుంది. చివరికి పని సాగింది మరో పద్ధతిలో. రెండు పెద్ద బోట్లను పక్కపక్కన నిలిపి ఇనుప గర్డర్లతో జతకట్టారు. మునిగిన బోటుకు గొలుసులు వేసి, గర్డర్ల మీది చైన్ పుల్లీలతో కొద్దికొద్దిగా లేపారు. ఏరు ముంచిన బరువును ఏటి చేతే మోయించడమన్నమాట. అడుగు నుంచి కాస్త తేలిన బోటును ఎగువకు లాగి పున్నమి ఘాట్ ఒడ్డుకు చేర్చారు. సెప్టెంబర్ 17న మొదటిది బయటపడింది. ఈ పనికి కాకినాడ నుంచి వచ్చినవాళ్లున్నారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరి లోతులో మునిగిన పర్యాటక బోటును అక్టోబర్ 22న పైకి తెచ్చింది కూడా కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందమే. అక్కడా లంగర్లు, ఇనుప తాళ్లు, ఓపిక. ఏటి అడుగున ఇనుము ఎక్కడ తగిలిందో తాడు పట్టుకున్న చేతికి తెలియాలి. కనబడేదేమీ ఉండదు. అంతా స్పర్శ.

ఆ సెప్టెంబర్‌లో బెజవాడ మునిగింది కృష్ణ వల్ల కాదన్న సంగతి బయటివాళ్లకు ఇప్పటికీ సరిగా తెలీదు. 2009 అక్టోబర్‌లో 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు కృష్ణలంక మునిగింది. 2024లో అంతకంటే ఎక్కువ వచ్చినా, ఈలోగా దశలవారీగా కట్టిన రిటైనింగ్ వాల్ కాపాడింది. రాణిగారితోట, తారకరామానగర్‌లలో జనం గోడకు అవతల ఇంటి కప్పు ఎత్తున పారే ఏటిని చూస్తూ ఇవతల వంట చేసుకున్నారు. ముంచింది బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, దాని నీటిని మళ్లింపు కాలువ గుండా బ్యారేజికి ఎగువన కృష్ణలోకి పంపుతారు. ఆ కాలువ మోయగలిగేది 15 వేల క్యూసెక్కులు. ఆ రోజు బ్యారేజిలో ఒక్కో గేటు కింద నుంచి సగటున పోయిన నీరు ఇంచుమించు అంతే. వాగుకు దానికి రెట్టింపు పైన వచ్చింది. అవతల కృష్ణ నిండుగా ఉండి దీన్ని తనలోకి రానివ్వలేదు. కాలువ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీరు, పాత బుడమేరు దారిలో వచ్చిన నీరు కలిసి అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం, నందమూరినగర్ మీద పడ్డాయి.

గండి పూడ్చడం చూడటానికి మొరటు పని. లారీలు రాళ్లు తెస్తాయి, పోస్తాయి, అంతే అనిపిస్తుంది. నిజానికి గండి దగ్గర మొదటి పని రాయి పోయడం కాదు, దారి వేయడం. కాలువ కట్ట ఇరుకు. వాన తగ్గలేదు. ఎర్రమట్టి జారుతోంది. బరువు లారీ అంచుకు వెనక్కి రావాలంటే కింద గట్టి నేల ఉండాలి. కాబట్టి ముందు కట్టనే గట్టిపరిచి, దాని మీద నడుస్తూ ముందుకు పోవాలి. రెండో పని తెగిన రెండు కొసలకూ పెద్ద రాళ్లు పేర్చి బిగించడం. లేకపోతే ఇవతల పూడుస్తుంటే అవతల కోసుకుపోతుంది. గండి ఇరుకయ్యే కొద్దీ నీటి వేగం పెరుగుతుంది. చివరి పది మీటర్లు మొదటి ముప్ఫై మీటర్లకంటే కష్టం. మామూలు రాయి పడ్డది పడ్డట్టే కొట్టుకుపోతుంది. అందుకే ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి, బుట్టలను ఒకదానికొకటి కట్టి దించుతారు. మూడో గండికి సైనిక ఇంజినీర్లు వచ్చి చేసింది ఈ పనే. మొదటి రెండూ పూడ్చాక, అన్నిటికంటే పెద్దదైన మూడోది సెప్టెంబర్ 7న మూసుకుంది. మంత్రి నిమ్మల రామానాయుడు రాత్రిళ్లు కూడా ఆ గట్టు మీదే ఉన్నారు. రాళ్ల సందుల్లోంచి ఊట మాత్రం ఆ తర్వాతా ఆగలేదు. పెద్ద రాయి మీద చిన్న రాయి, చిన్న రాయి మీద కంకర, కంకర మీద మట్టి. ఆ వరస తప్పి రాళ్ల మీద నేరుగా మట్టి పోస్తే ఆ మట్టంతా సందుల్లోంచి జారి పోతుంది. వరస పాటించాలంటే నిదానం కావాలి. ఊళ్లో జనం మేడల మీద ఉన్నారన్న తొందర ఒకవైపు, వరస తప్పకూడదన్న నిదానం ఒకవైపు. ఆ రెంటి మధ్య పని చేశారు వాళ్లు.

ఈలోపు సింగ్‌నగర్‌లో బతుకు పై అంతస్తుకు మారింది. కింది వాటాలవాళ్లు పై వాటాలవాళ్ల ఇళ్లల్లో సర్దుకున్నారు. బకెట్‌కు తాడు కట్టి కిందికి దించితే అందులో పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, పులిహోర పొట్లాలు. ట్రాక్టర్లు పోయినంత దూరం ట్రాక్టర్లు, ఆపైన పడవలు, పడవ పోలేని సందులకు డ్రోన్లు. పడవలు తెచ్చినవాళ్లు సముద్రపు ఒడ్డు మత్స్యకారులు. సముద్రంలో అలను చూసే కన్ను ఇక్కడ పనికిరాదు. వీధిలో నీటి కింద మోటార్‌సైకిల్ ఉంటుంది, గోడ మీది గాజుపెంకు ఉంటుంది, గేటు మీది ఇనుప శూలం ఉంటుంది, మూత లేచిన మ్యాన్‌హోల్ ఉంటుంది. తలపైన కరెంటు తీగ. వాళ్లు ఇంజిన్ ఆపేసి, ముందు ఒకడు గెడతో నేల తడుముతూ చెబుతుంటే వెనకవాడు నడిపేవాడు. ఇంటి ముందుకొచ్చాక పడవను మెట్లకు కట్టరు. కడితే పక్క పడవ వేసిన అలకు గోడకు గుద్దుకుంటుంది. ఒకడు కిటికీ ఊచ పట్టుకుని నిలబడతాడు. ముసలివాళ్లు ఎక్కాక ఊచ వదులుతాడు.

నీరు తీయడం మొదలయ్యాక చేసే పనికి వేరే నేర్పు కావాలి. ఇంట్లో చేరిన బురదను నీరు పూర్తిగా పోయాక కడగడం తెలియనివాళ్లు చేసే పని. చీలమండ లోతు నీరు ఉండగానే చీపురుతో అడుగు బురదను రేపి, తగ్గే నీటితోపాటే బయటికి తోసేయాలి. ఎండితే అది గచ్చుకు పట్టేస్తుంది. పారిశుద్ధ్య కార్మికులు రాష్ట్రంలోని ఇతర ఊళ్ల నుంచి వచ్చి వీధులెత్తారు. ఫైరింజన్లు వచ్చి ఇళ్లల్లోకి గొట్టం పెట్టి కడిగాయి. నిప్పు మీద కొట్టే వేగంతో కొడితే ఇంటి గోడ సున్నం రాలిపోతుంది. ధార తగ్గించి, లోపలి గది నుంచి వీధి వైపుకు వరసగా కడగాలి. మంచాలు, బీరువాలు అప్పటికే వాకిట్లో ఉంటాయి. వాటి కింద తడిసిన పిల్లల పుస్తకాలు, పెళ్లి ఆల్బమ్‌లు. ఆల్బమ్‌ను ఎండలో పెట్టకూడదని, నీడలో ఆరబెట్టాలని ఫొటో స్టూడియోవాళ్లకు తెలుసు.

ఇక బళ్లు. మునిగిన బండికి యజమాని మొట్టమొదట చేసే పని సెల్ఫ్ నొక్కడం. సరిగ్గా అదే చేయకూడనిది. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అనుభవమున్న మెకానిక్ ముందు ప్లగ్గు విప్పుతాడు, కిక్కర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతాడు. ప్లగ్గు కంతలోంచి నీరు చిమ్ముతుంది. చిమ్మడం ఆగేదాకా తిప్పుతాడు. తర్వాత కింద నట్టు విప్పి ఆయిల్ దించుతాడు. నీరు కలిసిన ఆయిల్ తెల్లగా వస్తుంది. కొత్త ఆయిల్ పోసి కాసేపు తిప్పి, దాన్నీ పారబోస్తాడు. ఎందుకంటే మొదటిసారి దించినప్పుడు గేర్ల మధ్య మిగిలిన నీరు రెండోసారి వస్తుంది. అది కూడా తెల్లగా వస్తే మూడోసారి. ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్, బ్రేకు డ్రమ్ములు. తొందరపడి ఒక్కసారే ఆయిల్ మార్చి పంపేసిన బండి నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఆటో మీద బతికే మనిషికి ఆ రెండో ఆయిల్ ఖర్చు భారమే. అయినా అది పోయించుకోమని ఒప్పించడం కూడా మెకానిక్ పనితనంలో భాగమే.

ఊరు దాటి దిగువకు వెళ్తే వరద రూపం మారుతుంది. బ్యారేజి దగ్గర నుంచి హంసలదీవి దాకా ఏటికి రెండు వైపులా కరకట్టలు. పులిగడ్డ దగ్గర ఏరు చీలి దివిసీమను చుట్టుకుంటుంది. అక్కడా కట్టలే. ఒండ్రు వేసి వేసి ఏరు తన ఒడ్లను తానే పెంచుకుంది. అందువల్ల వరద వచ్చినప్పుడు కట్టకు అవతల నీటిమట్టం ఇవతల పొలాల కంటే పైన ఉంటుంది. ఊళ్లకు ఊళ్లు ఒక మట్టికట్ట నీడలో ఉంటాయి. 2009లో ఓలేరు దగ్గర ఆ కట్ట తెగింది. రేపల్లె వైపువాళ్లు ఆ పేరు ఇప్పటికీ మామూలుగా పలకరు.

కట్ట తెగడం ఎప్పుడూ పైనుంచే జరగదు. లోపలి నుంచి కూడా జరుగుతుంది. పందికొక్కు తవ్విన కన్నం, ఎండ్రకాయ బొరియ, కుళ్లిపోయిన తుమ్మవేరు వదిలిన ఖాళీ. ఏరు మామూలుగా ఉన్నన్నాళ్లూ వాటికి నీరు అందదు. వరద మట్టం ఆ కన్నాన్ని తాకగానే అందులోకి దూరుతుంది. కాసేపటికి ఇవతల వాలులో తడి కనిపిస్తుంది. తర్వాత ఊట. తర్వాత బుంగ. బుంగ పెద్దదైతే గండి. మొదటి తడికీ గండికీ మధ్య ఉన్న కొన్ని గంటల్లోనే ఈ కథ తేలిపోవాలి. అందుకే వరద రాత్రుల్లో లస్కర్లు, ఊళ్లో కుర్రాళ్లు టార్చిలైట్లు పట్టుకుని కట్ట మీద కాక, కట్ట కింద పాదం వెంట నడుస్తారు. కట్ట మీద నడిచేవాడికి ఏరు కనిపిస్తుంది, ఊట కనిపించదు. చెప్పులు విడిచి నడిచేవాళ్లున్నారు. వాన తడికీ ఊట తడికీ తేడా అరికాలికి తెలుస్తుంది. వాన నీరు నిలిచి ఉంటుంది. ఊట కింది నుంచి ఒత్తుతుంది.

ఊట కనిపించగానే టార్చి దాని మీద పెట్టి నీటి రంగు చూస్తారు. తేటగా వస్తుంటే కాపలా పెడితే చాలు. బురదగా, ఇసుకతో వస్తుంటే కట్ట లోపల మట్టి కరిగి బయటికొస్తోందన్నమాట. ఇక్కడ కొత్తవాళ్లకు తోచేది ఆ కంతలో బస్తా కుక్కి మూసేయడం. పాతకాపులు అది చేయనివ్వరు. ఇవతల మూస్తే లోపలి నీరు ఇంకో దారి వెతుక్కుని మరోచోట పొడుచుకొస్తుంది, ఈసారి ఇంకా పెద్దగా. వాళ్లు ఊట చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా ఒక దడి కడతారు. ఊట నీరు అందులో నిలిచి మట్టం పెరుగుతుంది. పెరిగేకొద్దీ అవతలి ఏటి మట్టానికీ దీనికీ తేడా తగ్గి, ఊట వేగం తగ్గుతుంది. మట్టి రావడం ఆగి తేట నీరు రాసాగిందంటే దడి చాలినంత ఎత్తయిందని అర్థం. అక్కడితో ఆపుతారు. దడికి ఒక పక్క చిన్న తూము వదిలి, ఆ తేటనీటిని పొలంలోకి పోనిస్తారు. ఏటి వైపు కన్నం మొదలు దొరికితే మాత్రం అక్కడ మూస్తారు. టార్పాలిన్ పరిచి, దాని మీద బస్తాలు వేస్తారు. నీటి ఒత్తిడే దాన్ని కట్టకేసి నొక్కి పట్టుకుంటుంది. ఎంత తెలివైన పని ఇది! దీన్ని ఏ కాలేజీలో నేర్చారని అడగబుద్ధేస్తుంది. ఇంజినీరింగ్ పుస్తకాల్లోనూ ఇదే పద్ధతి ఉంది. పుస్తకం చూడనివాళ్ల చేతుల్లోనూ ఇదే పద్ధతి ఉంది.

ఇసుక బస్తాలో ఏముంది అనుకోవద్దు. బస్తాను మూతి దాకా నింపితే అది గుండ్రంగా బిగిసి, పక్కదానితో కలవదు. సందుల్లోంచి నీరొస్తుంది. సగానికి కొంచెం పైన నింపి, మూతి వదులుగా కట్టాలి. వేసిన తర్వాత కాలితో తొక్కితే అది పరుచుకుని కింది రెండు బస్తాల మధ్య పల్లంలో కూచుంటుంది. మూతి ఏటి వైపుకు ఉండకూడదు. ఒక వరస మీద ఇంకో వరస వేసేటప్పుడు అతుకు అతుకు మీద పడకూడదు, తాపీ మేస్త్రి ఇటుక పేర్చేటప్పుడు చూసుకునే నియమమే. కట్ట కోతకు గురయ్యే చోట బస్తాల ముందు సరుగుడు బాదులు దిగ్గొట్టి, అడ్డంగా వెదుళ్లు కట్టి, వెనక తాటిమట్టలు దోపుతారు. మట్ట అంచులు నీటి ఉరవడిని చీల్చి మెత్తబరుస్తాయి. బాదు ఎంత లోతు దిగిందో సుత్తి దెబ్బ శబ్దాన్ని బట్టి చెప్పేవాళ్లు దివిసీమలో ఇంకా ఉన్నారు.

ఈ పనంతా వేసవిలో మొదలవ్వాలి. కట్ట వాలు మీద ముళ్లకంప, రెల్లు కొట్టించకపోతే ఆగస్టు రాత్రి ఊట ఎవరి కంటా పడదు. బస్తాలు, బాదులు ముందే చేరవేసి ఉంచకపోతే బుంగ పడిన రాత్రి లారీ ఆ బురద కట్ట మీదికి రాలేదు. కట్టను కాచే లస్కరు తన మైళ్లను ఎరిగినవాడై ఉండాలి. ఎక్కడ పాత తుమ్మ కొట్టేశారు, ఎక్కడ ఎవరు పైపు వేసుకోవడానికి కట్ట తవ్వి పూడ్చారు, ఏ మలుపులో ప్రతి వరదకూ మట్టి జారుతుంది అన్నది అతని తలలో ఉంటుంది. అలాంటి మనిషి రిటైరయ్యాక ఆ తలలో ఉన్నదాన్ని రాసి ఉంచే ఏర్పాటు జరగాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి. కొత్తగా వచ్చినవాడు ఆ మలుపును వరద రాత్రే కనుక్కోవాల్సి రాకూడదు.

కట్టకు అవతల, ఏటి ఒడిలోనే ఉన్న లంకల సంగతి వేరు. వాళ్లకు కట్ట రక్షణ లేదు. కొల్లూరు మండలంలో పోతార్లంక వైపు వరదొస్తే ముందు చప్టాలు మునుగుతాయి. పసుపు, కంద, అరటి, తమలపాకు తోటల్లోకి నీరెక్కుతుంది. ఇళ్లు మెరక మీద కట్టుకుంటారు. అటక మీదికి బియ్యం, పప్పు, పట్టాదారు పుస్తకాలు, గ్యాస్ బండ చేరతాయి. గేదెలను కరకట్ట మీదికి తోలుకొచ్చి, టార్పాలిన్ కింద మూడు ఇటుకల పొయ్యి వెలిగిస్తారు. ఎవరో ఒకరు మాత్రం లంకలోనే ఉంటారు, ఇంటికి కాపలాగా.

ఆ మనిషికీ కట్టకూ మధ్య ఉన్నది పడవ ఒక్కటే. వరదలో పడవ దాటించడం చూస్తే, ఎదురుగా కనిపించే రేవుకు నేరుగా పోరు. ముందు ఒడ్డు వెంటే, నీటి ఉరవడి తక్కువున్న చోట గెడ వేసుకుంటూ ఎగువకు పోతారు. చాలా దూరం ఎగబాకాక పడవ ముక్కును ఏటవాలుగా నీటికి పెట్టి వదులుతారు. ఏరు కిందికి తోస్తుంటే వీళ్లు అడ్డంగా తెడ్డు వేస్తారు. రెండూ కలిసి పడవను సరిగ్గా అనుకున్న రేవుకు తెస్తాయి. ఎంత ఎగువకు పోవాలన్నది ఆ పూట నురగ పరుగును, కొట్టుకొచ్చే గుర్రపుడెక్క వేగాన్ని చూసి తేల్చుకుంటారు. నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. మునిగిన తోటల మీదుగా పోయేటప్పుడు అరటి గెలలకు పెట్టిన పోటు కర్రలు అడుగును తన్నకుండా చూసుకోవాలి. ఏ వరసలో తోట ఎవరిదో, ఆ వరసల మధ్య బోదె ఎక్కడుందో పడవవాడికి తెలుసు. బోదె మీదుగానే పోతాడు. అక్కడ రెండడుగుల లోతు ఎక్కువ.

ఆ పడవలో వరద రోజుల్లో కూడా పొద్దున్నే ఎక్కేవి పాల క్యాన్లు. లంకలో మిగిలిన పాడి ఆగదు కదా, పిండక తప్పదు. పిండిన పాలు కేంద్రానికి చేరకపోతే పారబోయాల్సిందే. క్యాన్లను నడుమ పేర్చి, మనుషులను అంచులకు కూచోబెట్టి, గర్భిణీలూ జ్వరమున్నవాళ్లూ ఉంటే మొదటి విడతలోనే తెస్తారు. తిరిగి పోయేటప్పుడు అదే పడవలో మేత మోపులు, తాగునీటి క్యాన్లు, ఫోన్లు చార్జింగ్ పెట్టించి తెచ్చిన సంచి. గడ్డి మోపు తేలిక, కానీ ఎత్తు. గాలి పట్టి పడవను ఒరగదోస్తుంది. అందుకని మోపులను నిలువుగా కాక పడుకోబెట్టి, పైన తాడు బిగిస్తారు.